మెంతుల నీళ్లు, శతావరి పాలు, లావయ్యే మాత్రలు

ఆరోగ్యం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి తీసుకున్న ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద: తిండితో, మూలికలతో రొమ్ము పెరుగుతుందా? పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయలేదు. ఊరు, వయసు మాత్రం ఉంచాం. వయసును బట్టి జవాబు మారుతుంది.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఛాతీ బాగా చిన్నది. మెంతులు తింటే పెరుగుతుందని మా చిన్నమ్మ చెప్పింది. రాత్రి రెండు పెద్ద చెంచాల మెంతులు నానబెట్టి, పొద్దున పరగడుపున తిని ఆ నీళ్లు కూడా తాగుతున్నాను. నెలన్నర అయింది. మొదటి పదిహేను రోజుల్లో పెరిగినట్టే అనిపించింది, తర్వాత మళ్లీ మామూలే. కడుపు ఉబ్బరంగా ఉంటోంది, చెమట వాసన మారింది. ఇంకా తినాలా? (తాడిపత్రి)

జవాబు: రొమ్ము పెరగడం కోసమైతే ఆపేయండి. మెంతులకు ఆ గుణం లేదు.

ఈ నమ్మకానికి మూలం బాలింత పథ్యం. పాలు పడాలని బాలింతకు మెంతులు పెట్టడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. పాలిచ్చే రొమ్ము నిండుగా కనిపిస్తుంది కాబట్టి మెంతులు తిన్నవాళ్లందరికీ రొమ్ము నిండుతుందనుకున్నారు. దీనికి మెంతి క్యాప్సూళ్లు అమ్మేవాళ్లు ఇంకో మాట కలిపారు. మెంతుల్లో, కొన్ని అడవి గడ్డల్లో డయోస్జెనిన్ అనే పదార్థం ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని ముడిసరుకుగా తీసుకుని, రసాయనాలతో మార్చి హార్మోన్లు తయారు చేయొచ్చు. అది నిజమే. కానీ ఆ మార్పు చేసే శక్తి మన ఒంటికి లేదు. మెంతులు తిన్నంత మాత్రాన కడుపులో ఈస్ట్రోజెన్, అంటే రొమ్మును పెంచే ఆడ హార్మోను, తయారవదు.

మరి మొదట్లో పెరిగినట్టు ఎందుకనిపించింది? మీరు మొదలుపెట్టిన రోజు నెలసరి తర్వాతిదై ఉండాలి. నెలసరి మధ్యలో అండం విడుదలయ్యాక రొమ్ములో గ్రంథులు కొద్దిగా ఉబ్బుతాయి, నీరు చేరుతుంది. నెలసరికి ముందు వారంలో ఈ బరువు, నొప్పి బాగా తెలుస్తాయి. బయట చేరిన కొద్ది రోజులకే తగ్గిపోతాయి. ఏ మూలిక మొదలుపెట్టినా ఈ ఉబ్బు ఆ మూలిక ఖాతాలో పడిపోతుంది. 'నాకు పనిచేసింది' అనే మాటల్లో చాలావాటికి ఇదే కారణమని మా అభిప్రాయం. నిజంగా తెలుసుకోవాలంటే, నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 10వ రోజు లోపల, పొద్దున పూట, దర్జీ టేపుతో కొలవండి. పక్క నెల మళ్లీ అదే రోజున కొలవండి. బరువు కూడా పక్కనే రాసుకోండి, బరువు మారితే కొలత మారుతుంది కదా.

ఉబ్బరానికి కారణం మెంతుల జిగురు. అది నీళ్లు పీల్చుకుని పేగుల్లో ఉబ్బుతుంది, అక్కడ పులిసి గ్యాసు పుడుతుంది. చెమటకు, మూత్రానికి మాడిన బెల్లంలాంటి వాసన రావడం మెంతుల్లోని సువాసన పదార్థం వల్లే. దానివల్ల హాని లేదు, మానేస్తే పోతుంది.

ఇంకో విషయం, మన సీమలో ఇది ముఖ్యం. మెంతి, శెనక్కాయ, శెనగ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. శెనక్కాయలు పడనివాళ్లకు, అంటే తింటే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చేవాళ్లకు, మెంతులు కూడా పడకపోవచ్చు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఇన్ని మెంతులు తింటే షుగరు మరీ పడిపోవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు ఇంత మోతాదు జోలికి పోకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు పరగడుపున మాత్రతో పాటే మెంతులు తింటే మాత్ర సరిగా ఒంటికి పట్టదు.

పులుసులోకి, ఊరగాయలోకి, పోపులోకి వేసుకునే మెంతులకు ఇవేవీ వర్తించవు. మెంతికూర పప్పు నిశ్చింతగా తినండి.

ప్రశ్న: పెళ్లయి రెండేళ్లు. వయసు 26. నల్లమల నుంచి తెచ్చామని ఒకాయన శతావరి, నేలగుమ్ముడు, అశ్వగంధ కలిపిన పొడి అమ్మాడు. మూడు నెలలు పాలల్లో తాగితే రెండు సైజులు పెరుగుతుందన్నాడు. సోయా పాలు, సోంపు కషాయం, బొప్పాయి పాలు కూడా చెబుతున్నారు. ఏది మంచిది? (ప్రొద్దుటూరు)

జవాబు: రెండు సైజులు అన్న మాటతోనే ఆయన్ని నమ్మకూడదని తేలిపోయింది. రొమ్ము ఆకారం మారుస్తామని మందుకు ప్రచారం చేసుకోవడం మన దేశంలో నేరం. 1954లో వచ్చిన మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టంలో, ఏయే వాటికి మందు ఉందని ప్రకటించకూడదో ఒక జాబితా ఉంది. అందులో స్త్రీల రొమ్ము ఆకృతి, నిర్మాణం కూడా ఉన్నాయి. డబ్బా మీద, కరపత్రంలో, ఫోనులో వచ్చే వీడియోలో ఆ మాట కనిపించిందంటే, అమ్మేవాడు చట్టాన్ని లెక్కచేయడం లేదన్నమాట. లోపల ఏం కలిపాడన్న విషయంలో మాత్రం నిజాయితీగా ఉంటాడని ఎలా అనుకోగలం?

శతావరి అంటే మన పిల్లిపీచర. వేళ్లు గుత్తులుగా, తెల్లగా, రెండు కొనలూ సన్నగా ఉంటాయి. పొట్టు గీకి, మధ్యలో ఉండే గట్టి నారను లాగేసి, ముక్కలు కోసి ఎండబెట్టి పొడి చేస్తారు. ఆయుర్వేదంలో దీన్ని బాలింతకు పాల కోసం, నీరసానికి వాడతారు. మామూలు మోతాదు పూటకు 3 గ్రాములు, అంటే టీ చెంచాడు, గోరువెచ్చని పాలల్లో. రొమ్ము పరిమాణం పెంచుతుందన్న రుజువు దీనికి లేదు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు వల్ల కాళ్ల వాపులున్నవాళ్లు, గర్భాశయంలో గడ్డలున్నవాళ్లు, రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు. పొడి చేశాక ఏ వేరుకైనా రంగు దాదాపు ఒకటే. కొనాలనుకుంటే ఎండు వేళ్లుగా కొని ఇంట్లో దంచుకోండి, లేదా తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు ఉన్న సీసా తీసుకోండి.

నేలగుమ్ముడు విషయంలో ఒక గందరగోళం ఉంది. దీని దాయాది మొక్క ఒకటి థాయిలాండ్‌లో దొరుకుతుంది, పేరు ప్యురేరియా మిరిఫికా. ఆ గడ్డలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలు గట్టివే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మే 'బస్ట్' క్యాప్సూళ్లలో చాలావాటి మీద ఆ పేరే కనిపిస్తుంది. మన నేలగుమ్ముడు వేరు, అది వేరు. పని చేస్తుందని దాన్ని కోరుకోవడమూ తప్పే. హార్మోనులా పనిచేసేదేదైనా రొమ్ము ఒక్కదానికే పరిమితం కాదు, గర్భాశయం మీద, నెలసరి మీద కూడా పనిచేస్తుంది. నెలసరి తప్పడం, మధ్యలో రక్తం కనిపించడం అక్కడి నుంచే మొదలవుతాయి. మీరు పిల్లల కోసం చూస్తున్నట్టయితే అసలే వద్దు.

అశ్వగంధ థైరాయిడ్ హార్మోనును పెంచగలదు. కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా ఉన్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే మానేసి రక్తపరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు తీసుకోకూడదు.

సోయాలో ఈస్ట్రోజెన్‌ను కొంత పోలిన ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉంటాయి. ఈస్ట్రోజెన్‌తో పోలిస్తే వాటి బలం చాలా తక్కువ. సోయా పాలు, మీల్ మేకర్ మంచి మాంసకృత్తులు, ఆ లెక్కన తినండి. సోంపు అన్నం తిన్నాక చిటికెడు నమలడానికి బాగుంటుంది. అంతకు మించి కాచి చెంబులతో తాగితే లాభం లేదు. బొప్పాయి పాలు వేరే దేశాల నుంచి వచ్చిన నమ్మకం. బొప్పాయిలో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైము ఉంది, అది కడుపులోనే అరిగిపోతుంది, రొమ్ము దాకా పోదు. పండు మాత్రం మంచిది.

ప్రశ్న: నాకు 21 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 41 కిలోలు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు 'పిల్ల మరీ పీలగా ఉంది' అని పోయారు. మా అత్త మెడికల్ షాపులో అడిగి లావయ్యే మాత్రలు తెచ్చింది. రెండు నెలలు వాడాను. ఆకలి బాగా వేసింది, ముఖం గుండ్రంగా అయింది, పొట్ట వచ్చింది. ఛాతీ మాత్రం అలాగే ఉంది. పొడి కవరులో ఇచ్చారు, పేరు తెలియదు. మానేయాలా? (ఆదోని)

జవాబు: ఈ నెల ప్రశ్నల్లో అన్నిటికంటే తొందరపడాల్సింది ఇదే. మాత్రలను ఒక్కసారిగా మానేయకండి. మిగిలినవి, కవరుతో సహా, చేతిలో పట్టుకుని ఈ వారంలోనే ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ ఓపీకి వెళ్లండి.

పేరు లేని 'లావయ్యే మాత్రల్లో' తరచుగా ఉండేవి రెండు. ఒకటి ఆకలి పుట్టించే సైప్రోహెప్టడిన్, ఇంకోటి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. గుండ్రని ముఖం, పొట్ట, సన్నటి కాళ్లు చేతులు స్టెరాయిడ్‌కు గుర్తు. మూడు వారాలకు మించి స్టెరాయిడ్ తిన్నప్పుడు కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. బయటి నుంచి వచ్చేది హఠాత్తుగా ఆగిపోతే అవి వెంటనే లేచి పనిచేయలేవు. అప్పుడు వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం జరుగుతాయి. అవి కనిపిస్తే ఓపీ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. షుగరు, బీపీ కూడా చూస్తారు.

అదే రోజున హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అడగండి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం ఉంటే టీబీ పరీక్ష కూడా. నెలసరి సరిగా రావడం లేదా అన్నది డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. మీ ఎత్తుకు కనీసం 48 కిలోలు ఉండాలి, మీరు 41 ఉన్నారు. మనిషి ఇంత సన్నగా ఉంటే రొమ్ములోనూ కొవ్వు ఉండదు. రొమ్ములో గ్రంథులు, నారలాంటి కట్లు, కొవ్వు ఉంటాయి. తిండితో మారేది ఆ కొవ్వు భాగం ఒక్కటే. కాబట్టి మీలాంటివాళ్లకు తిండి నిజంగా పనికొస్తుంది, మంత్రంలా కాకపోయినా. ఒక నిజం ముందే చెప్పాలి: బరువు పెరిగినప్పుడు కొవ్వు ముందు ఎక్కడ చేరాలో మీ పుట్టుక నిర్ణయిస్తుంది. కొందరికి తుంట్లకు, కొందరికి రొమ్ముకు.

ఇప్పుడు తింటున్నదాని మీద రోజుకు 400 నుంచి 500 కేలరీలు అదనంగా పోవాలి. అలా పోతే నెలకు కిలో, కిలోన్నర పెరుగుతారు. ఇందుకు డబ్బాల పొడులు అక్కర్లేదు.

పొద్దున ఉగ్గాని చేసుకుంటే పుట్నాల పొడి చారెడు ఎక్కువ వేసి, పక్కన రెండు ఉడికిన గుడ్లు తినండి. గుడ్డుకు 70 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు. మధ్యాహ్నం సంగటి ముద్ద మీ మామూలు కొలతే ఉండనివ్వండి, పప్పు మాత్రం రెట్టింపు చేయండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: ముద్ద పెద్దది చేస్తారు, పప్పు నంజుకోవడానికే ఉంచుతారు. కడుపు నిండుతుంది, కండ పట్టదు. శెనక్కాయల ఊరుబిండి రెండు చెంచాలు, గడ్డపెరుగు కప్పు. సాయంత్రం గుప్పెడు శెనక్కాయలు, అంటే 30 గ్రాముల గింజలు: 170 కేలరీలు, 7 గ్రాములకు పైగా మాంసకృత్తులు. ఒక నువ్వుల ఉండ. రాత్రి రొట్టె, కూరతో పాటు పడుకునే ముందు గ్లాసు పాలు. బర్రెపాలైతే 200 మిల్లీలీటర్లకు దాదాపు 200 కేలరీలు. వారానికి రెండుసార్లు కోడికూరో చేపో, తిననివాళ్లు మీల్ మేకర్, అలసందలు.

శెనక్కాయలు అన్నానికి గంట ముందు తింటే ఆకలి చచ్చిపోతుంది, అందుకే సాయంత్రం అన్నాం. టీ, కాఫీ అన్నంతో కలిపి తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు, గంట ఎడం ఉంచండి.

శెనక్కాయలను ఏరుకోవడం కూడా నేర్చుకోవాలి. ఇంట్లో పండినవే అయినా, వాన తడిసి సరిగా ఆరని కాయల్లో, కరువులో ముడుచుకున్న గింజల్లో బూజు పడుతుంది. దాని విషం, అఫ్లాటాక్సిన్, కాలేయానికి చేటు. చాటలో పోసి వెలుతురులో చూడండి. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, పచ్చటి బూజు ఉన్నవి, చీలిస్తే లోపల రంగు మారినవి పారేయండి. నోట్లో చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయండి. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు.

ఆ పెళ్లిచూపులవాళ్ల మాటకు మీ ఒంటిని పణంగా పెట్టాల్సిన పని లేదమ్మా. మీ అత్తకు కూడా ఈ పేజీ చదివి వినిపించండి. ప్రేమతోనే తెచ్చి ఉంటారు, అందులో ఏముందో ఆమెకూ తెలియదు.

ప్రశ్న: వయసు 29. బాబుకు పాలు మాన్పించి రెండు నెలలు. రొమ్ములు ఖాళీ సంచుల్లా అయ్యాయి. మర్దన నూనె, ఒక క్రీము వాడుతున్నాను. క్రీము రాసిన చోట చర్మం ఎర్రగా, పలచగా అయింది. (గుంతకల్లు)

జవాబు: క్రీము ఈ రోజే ఆపండి. ఇలా పలచబడటం, ఎర్రటి చారలు రావడం స్టెరాయిడ్ క్రీముల వల్ల జరుగుతుంది. డబ్బా తీసుకెళ్లి చర్మం డాక్టరుకు చూపించండి.

పాలు మాన్పించాక పాల గ్రంథులు ముడుచుకుంటాయి. వాటి జాగాలో కొవ్వు మళ్లీ చేరడానికి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. రెండు నెలలకే తీర్పు చెప్పేయకండి. జారడం పాలివ్వడం వల్ల కాదు, గర్భంలో రొమ్ము పెరిగి చర్మం, కట్లు సాగడం వల్ల. ఇది చెప్పడం ఎందుకంటే, అందం పోతుందని పాలు త్వరగా మాన్పించేవాళ్లున్నారు. దానివల్ల బిడ్డకు నష్టమే తప్ప తల్లికి లాభం లేదు.

నూనె మర్దన చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది, అంతే. గట్టిగా పిసికితే నెత్తురు చేరి కాసేపు ఉబ్బుతుంది. గాలి పీల్చే కప్పుల పరికరాలు చేసేదీ అదే, కమిలిన మచ్చలతో సహా.

రొమ్ములో కండరం లేదు, దాని కింద ఉంది. ఆ కండరం గట్టిపడితే రొమ్ము కాస్త నిక్కినట్టు కనిపిస్తుంది. గోడ దండీలతో మొదలుపెట్టండి. గోడకు చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు రొమ్ము ఎత్తులో, భుజాల కంటే కొంచెం వెడల్పుగా ఆనించండి. మడమ నుంచి మెడ దాకా ఒంటిని ఒకే గీతలా ఉంచి, మూడు లెక్కపెడుతూ గోడ దగ్గరికి వంగి, ఊపిరి వదులుతూ వెనక్కి తోయండి. 10 సార్లు, మధ్యలో నిమిషం ఆగి మూడు విడతలు, వారంలో మూడు రోజులు. నడుము వంగిపోతే పని భుజాలకు, నడుముకు పడుతుంది, రొమ్ము కింది కండరానికి అందదు. ఇవి తేలికయ్యాక మంచం పట్టె మీద, ఆ తర్వాత నేల మీద. తేడా కంటికి కనిపించడానికి కనీసం రెండు, మూడు నెలలు. సిజేరియన్ అయి ఉంటే ముందు మీ డాక్టరును అడగండి.

ప్రశ్న: వయసు 25. ఎడమది కొంచెం పెద్దది. కుడిదానికి మాత్రమే ఏదైనా రాయొచ్చా? (కర్నూలు)

జవాబు: ఏదీ రాయకండి. రెండూ సరిసమానంగా ఉండేవాళ్లు అరుదు. మొదటి నుంచీ అలాగే ఉంటే అది మీ ఒంటి తీరు. ఈ మధ్యనే ఒకటి పెరిగినా, గడ్డ తగిలినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం వచ్చినా రొమ్ము పరీక్ష తప్పనిసరి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో సర్జరీ ఓపీకి వెళ్లొచ్చు. గర్భం లేకుండా పాలలాంటి ద్రవం వస్తుంటే ప్రొలాక్టిన్ (పాలు పుట్టించే హార్మోను), థైరాయిడ్ పరీక్షలు చేస్తారు. వాంతులకు వాడే డోంపెరిడోన్ లాంటి మాత్రల వల్ల కూడా అలా రావొచ్చు, వాడుతుంటే చెప్పండి.

ప్రశ్న: వయసు 24. ఎప్పుడూ 34బి సైజు బ్రా కొంటాను. కప్పు ముందు భాగం ఖాళీగా ముడతలు పడుతుంది, పట్టీలు భుజం మీద నుంచి జారిపోతాయి. ఛాతీ పెరిగితే సరిపోతుందని గర్భనిరోధక మాత్రలు వాడమంటోంది నా స్నేహితురాలు. (కడప)

జవాబు: మాత్రలు వద్దు. వాటితో కొందరికి రొమ్ము కాస్త బరువెక్కుతుంది, అది ఎక్కువగా నీరే. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉండే మందును, మీ అమ్మకో అక్కకో అలాంటి జబ్బు ఉందా, మీకు మైగ్రేన్ ఉందా అని ఎవరూ అడగకుండా వేసుకోకూడదు. గర్భం రాకుండా వాడాలనుకుంటే డాక్టరు చూసి ఇస్తారు.

మీరు రాసిన రెండు ఇబ్బందులూ సైజు తప్పడం వల్లే. టేపు తీసుకోండి. రొమ్ముల కింద, ఊపిరి వదిలి, టేపు వీపు వెనక పైకి పోకుండా నేలకు సమానంగా ఉంచి బిగువుగా కొలవండి. 29న్నర అంగుళాలు వచ్చిందనుకుందాం, మీ కింది పట్టీ సైజు 30. తర్వాత రొమ్ము అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట వదులుగా కొలవండి. 32 వస్తే తేడా రెండంగుళాలు. ఒక అంగుళానికి ఏ, రెండుకు బి, మూడుకు సి. అంటే మీది 30బి. అదే బి అయినా 34 పట్టీకి కప్పు పెద్దదవుతుంది, అందుకే అది మీకు ఖాళీగా కనిపిస్తోంది.

షాపులో 30 దొరక్కపోతే 32ఏ అడగండి, కప్పులో పట్టే కొలత ఒకటే. కొత్తది ఎప్పుడూ చివరి కొక్కెంలో, అంటే అన్నిటికంటే వదులుగా ఉన్నదాంట్లో సరిపోవాలి, సాగిన కొద్దీ లోపలి కొక్కేలు పనికొస్తాయి. వేసుకున్నాక కొంచెం ముందుకు వంగి, చంక వైపు ఉన్నదాన్ని చేత్తో కప్పులోకి సర్దుకోండి. తర్వాత రెండు చేతులూ పైకెత్తి చూడండి. కింది పట్టీ కదిలితే ఇంకా వదులే, ఆ బ్రా తిరిగి ఇచ్చేయండి.